నిండని సెప్టిక్ ట్యాంకు

"మా ట్యాంకు కట్టి ఇరవై ఏండ్లయింది, ఇప్పటిదాకా ఒక్కసారి నిండలేదు." వరంగల్, హనుమకొండ, ములుగు, జనగామ చుట్టుపక్కల ఏ ఊర్లో సెప్టిక్ ట్యాంకు మాట ఎత్తినా వినిపించే మాట ఇది. కట్టిన సుతారిని మెచ్చుకుంటూ చెబుతారు. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు అదే సుతారిని వెతుక్కుంటూ పోతారు. ఈ వ్యాసంలో నేను వాదించేది ఆ మెచ్చుకోలు మీదనే. నిండని సెప్టిక్ ట్యాంకు మంచి ట్యాంకు కాదు, కారిపోతున్న ట్యాంకు.

లెక్క చిన్నదే. ఇంట్లో ఐదుగురు ఉన్నారనుకుందాం. మరుగుదొడ్డిలో ఒక్కొక్కరు రోజుకు 30 లీటర్లు పోసినా మొత్తం 150 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకు వారం రోజుల్లో బయటికి పోయే పైపు మట్టం దాకా నిండాలి. ఆ తర్వాత లోపలికి ఎన్ని నీళ్లు వస్తే అన్ని నీళ్లు బయటికి పోవాలి. సరిగ్గా కట్టిన సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది, ఉండాలి కూడా. ఇరవై ఏండ్లలో అందులో పోసింది దాదాపు 11 లక్షల లీటర్లు. ట్యాంకు నిండలేదంటే ఆ నీళ్లన్నీ అడుగు నుంచో గోడల నుంచో భూమిలోకి దిగిపోయాయన్నమాట. అదే భూమిలో పది పదిహేను గజాల దూరంలో ఆ ఇంటి బోరు ఉంటుంది.

అసలు ట్యాంకులో జరిగేదేమిటో చూద్దాం. బరువైనది అడుక్కి దిగుతుంది, జిడ్డు తెట్టులా పైకి తేలుతుంది, నడుమ ఉన్న నీళ్లు బయటికి పోతాయి. గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా అడుగున ఉన్న బురదను మెల్లగా తింటూ ఉంటుంది. ఇంత చేసినా మురుగు బలం మూడో వంతు నుంచి సగం దాకానే తగ్గుతుంది. రోగాలు తెచ్చే క్రిములు దాదాపు అట్లనే మిగులుతాయి. బయటికి వచ్చే నీళ్లు కంటికి కాస్త తేటగా కనబడినా అవి మురుగునీళ్లే. మిగతా సగం శుద్ధి ట్యాంకు తర్వాత జరగాలి. మన దగ్గర ఆ రెండో సగమే లేదు.

మనం కట్టేది ఎట్లుంటుంది? పది పన్నెండు అడుగుల బొంద తవ్వి, సిమెంట్ రింగులు ఒకదాని మీద ఒకటి దించి, అడుగు మట్టిగానే వదిలేసి, పైన బిళ్ల వేస్తారు. పేరు మాత్రం సెప్టిక్ ట్యాంకు. నీళ్లు ఇంకించే గుంతలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. స్వచ్ఛ భారత్ కింద కట్టమన్న జంట గుంతల పద్ధతిలో నీళ్లు ఇంకడమే పని. అయితే ఆ గుంత మీటరు వెడల్పు, మీటరు నుంచి మీటరుంబావు లోతు దాటదు. దానికి కారణం ఉంది. గాలి ఆడే, వేర్లు పాకే, సూక్ష్మజీవులు బతికే మట్టి ఆ పై పొరలోనే ఉంటుంది. మురుగును వడకట్టేది ఆ పొరే. పన్నెండు అడుగుల బొంద ఆ పొరను దాటేసి నేరుగా మొరంలోకి, పగుళ్ల బండలోకి పోతుంది. ఓరుగల్లు నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు. అది ఇసుకలా నీటిని వడగట్టదు, పగుళ్ల వెంట పారిస్తుంది. బోరుకు కేసింగ్ పైపు గట్టి బండ తగిలేదాకానే దించుతాం కాబట్టి ఆ కింది పగుళ్లలో ఏం పారితే అదే మోటారులో వస్తుంది.

ఇట్లా దిగిన మురుగులోని నత్రజని మట్టిలో నైట్రేటుగా మారుతుంది. తాగే నీళ్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. అది రంగు చూపదు, వాసన చూపదు. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గాని నైట్రేటు పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. డబ్బా పాలు కలిపి పట్టే పసిపిల్లలకు దీనితో ముప్పు.

సముద్రం నడుమ చిన్న దీవుల్లో మురుగు సమస్య ఎందుకంత గట్టిదో తెలిస్తే మన సమస్య కూడా తెలుస్తుంది. అక్కడ ఉప్పునీటి మీద మంచినీటి పొర పలచగా తేలుతూ ఉంటుంది. కొన్ని అడుగులు తవ్వితే నీళ్లు తగులుతాయి. బావికీ మరుగుదొడ్డి గుంతకూ ఆధారం ఆ ఒక్క పొరే. చెరువు కట్ట కింది ఊరు వానాకాలంలో అచ్చం ఇట్లాంటి దీవే. మత్తడి పడ్డ సెప్టెంబరు నుంచి నవంబరు దాకా కట్ట దిగువన జాలు పుడుతుంది. రెండు మూడు అడుగులకే నీళ్లు తగులుతాయి. ఎండాకాలంలో తవ్విన అడుగు లేని బొంద అప్పుడు ఇంకడం మానేసి ఊరుతుంది. మరుగుదొడ్డిలో నీళ్లు పోస్తే దిగవు. "వానాకాలం వస్తే మా లెట్రిన్ పనిచేయదు" అనే ఇండ్లన్నీ ఈ రకమే. ములుగు జిల్లా లక్నవరం లాంటి చెరువుల్లోనైతే నిజంగానే దీవులున్నాయి, వాటి మీద జనం బస చేస్తున్నారు. అట్లాంటి చోట ఇంకుడు గుంత అంటే చెరువులో పోసినట్టే. అక్కడ సరైనది నీళ్లు కారని ట్యాంకు, దాని బురదను ఒడ్డుకు చేర్చే ఏర్పాటు, నేల మట్టానికి పైన కట్టిన మొక్కల మడి (కంకరలో మొక్కలు నాటి మురుగునీళ్లను వడకట్టే తొట్టి). ఈ మూడింటిలో ఏది తగ్గినా ఆ మురుగు తూముల వెంట ఆయకట్టుకే పోతుంది.

ఇక అడుగు వేసి కట్టిన ట్యాంకుల సంగతి. వాటి పైపు మోరీలోకి పెడతారు. మోరీ సీసీ అయితే ఊరు బాగుపడినట్టు లెక్క. మోరీ మురుగును ఇంటి ముందు నుంచి తీసుకుపోతుంది, శుద్ధి చేయదు. మట్టి మోరీలో కనీసం కొంత ఇంకేది, సీసీ మోరీ చుక్క పోకుండా చెరువుకు చేరుస్తుంది. మిషన్ భగీరథ ఊర్లలో తలకు రోజుకు 100 లీటర్ల లెక్కన ఇవ్వడానికి రూపొందింది. వాడిన నీటిలో 80 శాతం మురుగవుతుందని ఇంజినీర్లు లెక్క వేస్తారు. రెండు వేల జనాభా ఉన్న ఊరికి అది రోజుకు లక్షా 60 వేల లీటర్లు. నల్లా వచ్చినప్పుడు సంతోషించాం, సంతోషించాల్సిందే. అయితే వచ్చిన నీళ్లు ఎటు పోతాయన్న లెక్క అప్పుడే వేయాల్సింది.

అవి ఎటు పోయాయో గుర్రపుడెక్క చెబుతుంది. మురుగులోని నత్రజని, భాస్వరం తిని అది చెరువును కప్పేస్తుంది. ఏటా కూలీలను, యంత్రాలను పెట్టి తీయిస్తాం, పైపును మాత్రం ముట్టుకోం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. వరంగల్ భద్రకాళి చెరువును 2024 చివర్లో పూడిక తీయడం కోసమే ఖాళీ చేశారు. పూడిక తీయడం మంచి పనే. కానీ కాకతీయుల కాలం నుంచి మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి నీళ్లు కింది చెరువుకు పోతాయి. పై ఊరు మోరీలో వదిలింది కింది ఊరి చేపల్లో, వరి మడుల్లో, బావుల్లో తేలుతుంది. పూడిక తీసిన చెరువులోకి అవే మోరీలు పారితే తీసిన పని ఎన్నాళ్లు నిలుస్తుంది?

"పెద్ద ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) కట్టిస్తే అయిపోతుంది కదా" అంటారు. పట్నానికి అది కావాలి, ఊరికి నేను ఒప్పుకోను. గాలి ఊదే యంత్రాలతో నడిచే ఎస్టీపీకి ఆగని కరెంటు, రోజూ చూసుకునే మనిషి, మరమ్మతుకు డబ్బు ఉండాలి. ఊదడం ఒక పూటకు మించి ఆగిపోతే గాలి మీద బతికే బ్యాక్టీరియా దెబ్బతిని, మళ్లీ కోలుకోవడానికి రోజులు పడుతుంది. ఊరంతటి మురుగుకు నిజంగా శుద్ధి కావాలంటే మన ఎండకు తగింది కుంటల పద్ధతి, అంటే మురుగును వరుసగా మూడు కుంటల్లో నిలిపి శుద్ధి కానివ్వడం. రెండు వేల మందికి తలకు 30 గ్రాముల లెక్కన రోజుకు 60 కిలోల బీఓడీ (మురుగు కుళ్లడానికి కావాల్సిన ఆక్సిజన్ లెక్క) వస్తుంది. చలికాలపు సగటు వేడి 22 డిగ్రీలనుకుంటే, మీటరున్నర లోతు కుంట హెక్టారుకు రోజుకు 290 కిలోలు మోయగలదు. అంటే నడిమి కుంటకు అర ఎకరం. ముందు బురద దిగే కుంట, వెనక ఎండకు క్రిములు చచ్చే లోతు తక్కువ కుంట కలిపితే ఎకరం చిల్లర. కరెంటు అక్కర్లేదు. జాగ దొరకాలి, అది శిఖం భూమి (చెరువు ముంపు భూమి) కాకూడదు. జాగ దొరకని ఊర్లే ఎక్కువ కాబట్టి నా దృష్టిలో పని ఇంటి దగ్గరే మొదలవ్వాలి.

ట్యాంకు కొలతలు భారతీయ ప్రమాణం 2470లో ఉన్నాయి. ఐదుగురికి మీటరున్నర పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు నీటి లోతు సరిపోతుంది. పదిమందికి 2 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు, 1.4 మీటర్ల లోతు. నీటి మట్టం పైన ఒక అడుగు ఖాళీ వదలాలి. పొడవు వెడల్పుకు రెండింతల నుంచి నాలుగింతలు ఉండాలి, చదరంగా కడితే మురుగు అడ్డదారిన బయటికి పోతుంది. పెద్ద ట్యాంకయితే నడుమ గోడ కట్టి మొదటి గదికి మూడింట రెండు వంతులు ఇవ్వాలి. గోడలోని దారి నీటి మట్టానికి 30 సెంటీమీటర్ల కింద ఉండాలి, తెట్టూ బురదా దాటకుండా. వచ్చే పైపు పోయే పైపు కంటే రెండు అంగుళాలైనా ఎత్తులో ఉండాలి. రెండింటికీ టీ (T ఆకారపు పైపు ముక్క) బిగించాలి. ఈ టీ ధర కొద్దిగానే ఉంటుంది, ఎక్కువ ట్యాంకుల్లో లేనిదీ ఇదే. పోయే వైపు టీ లేకపోతే తెట్టు నేరుగా బయటికి పోయి ఇంకుడు గుంతను ఏడాది రెండేండ్లలో పూడ్చేస్తుంది. గాలి గొట్టం కనీసం రెండు అంగుళాలది, ఇంటి కప్పు కంటే ఎత్తుగా, మూతికి దోమల జాలీతో. అడుగు కాంక్రీటు, లోపల గట్టి ప్లాస్టరింగు. మట్టి పూడ్చక ముందే నీళ్లు నింపి ఒక రోజు తాగనిచ్చి, మళ్లీ నింపి మరునాడు కొలవాలి. మట్టం వేలు మందం కంటే ఎక్కువ దిగితే సుతారిని పిలవాలి, డబ్బు ఆ తర్వాత ఇవ్వాలి.

"ఎందుకైనా మంచిది, పెద్దది కడదాం" అని పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల లోతు తవ్విస్తారు. అది 13,600 లీటర్లు, ఐదుగురి ఇంటికి కావాల్సిన దానికి పన్నెండింతలు. నేను దీనిని ఇంత గట్టిగా ఎదిరించడానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు. పెద్ద ట్యాంకును ఎవరూ శుభ్రం చేయించరు. పదిహేనేండ్లకు అడుగు బురద బంకమట్టిలా గట్టిపడుతుంది. ట్యాంకులు శుభ్రం చేసే బండి పైపు దానిని పీల్చలేదు. అప్పుడు ఒక మనిషిని పారతో లోపలికి దించుతారు. కుళ్లిన గుడ్డు వాసనతో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ లోపల నిలిచి ఉంటుంది. గాలిలో అది పది లక్షల్లో వంద వంతులు దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగిన మనిషి క్షణాల్లో కూలిపోవచ్చు. కాపాడబోయి దిగిన రెండో మనిషి కూడా. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం నేరం. ఇట్లాంటి చావులకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. ఆ చావు మొదలయ్యేది ట్యాంకు కొలత గీసిన రోజునే. బండి పిలవాలంటే 14420 నంబరు ఉంది. మనిషిని పిలవకండి.

స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు ఈ ట్యాంకులోకి కలపకూడదు. కలిపితే మురుగు నిలవాల్సినంత సేపు నిలవకుండానే బయటికి పోతుంది. వాటికి వేరే ఇంకుడు గుంత, దానికి ముందు అడుగున్నర చదరపు తొట్టి ఉంటే చాలు. మెతుకులు, వెంట్రుకలు, జిడ్డు తొట్టిలోనే ఆగాలి. తొట్టి లేకపోవడం వల్లనే ఉపాధి హామీలో తవ్విన ఎన్నో ఇంకుడు గుంతలు పూడిపోయాయి. యాసిడ్, ఫినాయిల్ ధారాళంగా పోయకూడదు. అంగట్లో అమ్మే బ్యాక్టీరియా పొడి అక్కర్లేదు. కొత్త ట్యాంకులో పాత ట్యాంకు బురద రెండు బకెట్లు వేస్తే చాలు, అది దొరకకపోతే బాగా మాగిన పేడ.

ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు ఎటు పోవాలో చెప్పేది నేల. పరీక్ష ఇట్లా చేయాలి. నీళ్లు ఇంకాల్సిన లోతులో అడుగు చదరపు గుంత తవ్వి, గోడలను గీరి, అడుగున రెండు అంగుళాల సన్న కంకర వేసి, ఒక రాత్రంతా నీళ్లతో నాననివ్వాలి. మరునాడు నీళ్లు పోసి అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడాలి. 30 నిమిషాల లోపైతే ఇంకుడు గుంత నడుస్తుంది. గంట దాకా అయితే తక్కువ లోతులో పొడుగాటి కాలువ తవ్వి కంకర నింపాలి. గంట దాటితే ఆ నేల ఇంకించదు. ఈ పరీక్ష సెప్టెంబరులో చేయండి, ఏప్రిల్‌లో ప్రతి గుంతా పాసవుతుంది. రేగడి అయితే మరీ మోసం. ఎండాకాలం అరచేయి దూరే పగుళ్లు, వానాకాలం చుక్క దిగని మూత. చెల్కలో (ఎర్ర ఇసుక నేలలో) మాత్రం బాగా ఇంకుతుంది. ఎక్కడైనా గుంత అడుగుకూ వానాకాలపు నీటి మట్టానికీ నడుమ 2 మీటర్లు, తాగునీటి బావికో బోరుకో కనీసం 18 మీటర్లు ఉండాలి. పగుళ్ల బండ ఉన్న చోట నేనైతే 30 మీటర్లు కావాలంటాను.

రేగడి నేలకూ కట్ట కింది ఇండ్లకూ మొక్కల మడి సరైన దారి. ఐదుగురి మరుగుదొడ్డి నీళ్లకు 5 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు తొట్టి చాలు. జాలు ఉన్న చోట దానిని నేల పైన కట్టాలి. అప్పుడు మరుగుదొడ్డి గద్దె, ట్యాంకు కూడా అంత ఎత్తులోనే లేస్తాయి, ఈ మట్టాలు ఇల్లు కట్టేటప్పుడే చూసుకోవాలి. అడుగు, గోడలు సిమెంటుతో, మీటరుకు ఒక సెంటీమీటరు వాలుతో. రెండు చివర్లా పిడికెడంత దొడ్డు రాళ్లు, నడుమ 10 నుంచి 20 మిల్లీమీటర్ల కడిగిన కంకర. కడగని కంకర దుమ్ముతో మొదటి నెలలోనే మడి పూడుతుంది. బయటికి పోయే చోట తిరిగే ఎల్బో (వంపు పైపు ముక్క) పెట్టి నీటి మట్టం కంకర పైకి రాకుండా రెండు మూడు అంగుళాలు కిందే ఉంచాలి. నీళ్లు పైకి తేలితే దోమలు పుడతాయి. మెట్టతామర గానీ జమ్ము గానీ అడుగుకు ఒకటి నాటాలి. పూడటం ఎప్పుడూ నీళ్లు వచ్చే వైపు మొదటి మీటరులో మొదలవుతుంది. ఆ కంకర తీసి కడిగి మళ్లీ వేస్తే సరిపోతుంది. వచ్చే నీళ్లు అరటికి, కొబ్బరికి పెట్టొచ్చు. కొత్తిమీరకూ పచ్చిగా తినే వేటికీ వద్దు.

ఇంత చేసినా బురద మిగులుతుంది. ఆరడుగుల కట్టెకు తెల్లగుడ్డ చుట్టి ట్యాంకు అడుగు దాకా దించి, కాసేపు ఉంచి తీస్తే నల్ల మరక ఎంత ఎత్తుందో అంత బురద. తెట్టూ బురదా కలిసి లోతులో మూడో వంతు దాటితే బండి పిలవాలి, మామూలుగా అది మూడేండ్లకు వస్తుంది. మూతను పోర్టికో టైల్స్ కింద కప్పేసిన ఇండ్లలో ఇది సాగదు. బండి వచ్చినప్పుడు అడుగున కాస్త బురద వదిలేయమనాలి, అది రేపటి విత్తనం. కట్ట కింది ఊర్లలో మాత్రం వానాకాలం ఖాళీ చేయించకూడదు, కింది నీటి ఒత్తిడికి ఖాళీ ట్యాంకు అడుగు పగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తీయించి వెంటనే నీళ్లు నింపాలి.

బండి ఆ బురదను ఎక్కడ పోస్తుంది? గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే మల వ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది, అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం నడుస్తోంది. నగరానికి అది దారి. నలభై యాభై కిలోమీటర్ల అవతలి ఊరి నుంచి డీజిలు కాల్చుకుని ఏ డ్రైవరూ అక్కడిదాకా పోడు. చీకటి పడ్డాక దగ్గరి వాగులో పోస్తాడు. డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు, పోయడానికి దగ్గరలో జాగ చూపించాలి, పోసినందుకు డబ్బు ఇవ్వాలి. మహారాష్ట్రలో వాయి పట్టణం మూడేండ్లకోసారి వంతుల వారీగా ప్రతి ట్యాంకునూ పన్ను డబ్బుతో శుభ్రం చేయించే పద్ధతి పెట్టింది. నిండిందని పిలిచేదాకా ఆగడం లేదు.

మన లెక్క వేద్దాం. 300 ట్యాంకులున్న ఊర్లో వంతుకు ఏడాదికి 100. ఒక్కోదానికి 3 వేల లీటర్లు, మొత్తం 300 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 25 కిలోల ఘనపదార్థం చొప్పున 7,500 కిలోలు. ఆరబెట్టే మడి చదరపు మీటరుకు ఏడాదికి 150 కిలోలు మోస్తే 50 చదరపు మీటర్లు కావాలి. వానాకాలం ఆరదు కాబట్టి రెట్టింపు చేస్తే 100, అంటే ఒక్క గుంట (ఎకరంలో నలభయ్యో వంతు) జాగ. అడుగున దొడ్డు కంకర, దాని మీద సన్న కంకర, పైన నాలుగైదు అంగుళాల ఇసుక. తడవకు అడుగు మించకుండా బురద పోసి, ఎండాకాలంలో రెండు వారాలు వదిలితే పారకు వస్తుంది. కిందికి కారిన నీళ్లను మొక్కల మడిలోకి పంపాలి, వాగులోకి కాదు. ఎండిన ఎరువును వెంటనే పొలంలో చల్లకూడదు. ఏలికపాముల గుడ్లు నెలల తరబడి బతుకుతాయి కాబట్టి నీడన కప్పి ఏడాదికి పైగా మాగనివ్వాలి.

మండలంలో పది పదిహేను కిలోమీటర్ల లోపు ఉన్న నాలుగైదు ఊర్లు కలిస్తే ఒక బండి, నాలుగైదు గుంటల మడులు, బండి తిరగడానికి జాగ, లోడుకు చీటీ రాసి డబ్బు ఇచ్చే ఒక మనిషి సరిపోతారు. జాగ చెరువు శిఖంలో కాకుండా, వాగుకు దూరంగా, ఊరికి గాలి వచ్చే వైపు కాకుండా చూడాలి. ట్యాంకుల జాబితా మాత్రం ముందు కావాలి. ఇంటి నంబరు, అడుగు ఉందా లేదా, మూత తెరుచుకుంటుందా, పైపు ఎటు పోతుంది, చివరిసారి ఎప్పుడు తీశారు: ఈ ఐదు ప్రశ్నలతో పంచాయతీ సిబ్బంది వారం పది రోజుల్లో ఊరంతా రాయగలరు. చివరి ప్రశ్నకు "ఇంతవరకు నిండలేదు" అని జవాబు వచ్చిన ఇంటి బోరు నీళ్లనే మొదట నైట్రేటు పరీక్షకు పంపాలి.